మూడు పాటలకు నలభై వేలు: సంతకం పెట్టాలా, వద్దా?

ప్రశ్న:

అప్పా, నమస్తే. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను, నెలకు పదకొండు వేలు ఇస్తారు. పాట నేనే రాసుకుని, నేనే బాణీ కట్టుకుని గిటారు మీద పాడతాను. యూట్యూబ్‌లో పెడుతున్నాను. అందులో ఒకటి, ‘ఇంట్లోన అమ్మ మాట, ఈదిలోన ఒడియా మాట, బళ్ళోన ఏ మాటో నాకేటి తెలుసమ్మ’ అనే నిమిషం ముక్క, మూడు లక్షల మంది చూశారు.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. మూడు పాటలకు నలభై వేలు ఇస్తారట. ఒకటి ఈ పాట, ఒకటి కొత్తది, మూడోది మా మామ్మ పాడే ఊడుపు పాట. దానికి నేను రెండు చరణాలు కలిపాను. కాగితంలో ‘సర్వహక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ఉంది. మూడేళ్ళు వేరే ఎవరికీ పాడకూడదని కూడా ఉంది. మాటలు కొంచెం శుభ్రం చేయాలి, మీ యాస బయటివాళ్ళకు అర్థం కాదు అన్నారు. ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చేస్తే అవకాశాలు వాళ్ళే చూస్తారట. నెలాఖరులోగా సంతకం కావాలంటున్నారు. నాన్న టైలరు. పాటలు చాలు, పెళ్ళి చూద్దాం అంటున్నాడు. రాత్రిపూట స్టేజీలంటే అతనికి భయం. నేనేటి చెయ్యాలో చెప్పండప్పా.

సమాధానం:

చెల్లీ, ముందు సూటిగా చెబుతాను. ఆ కాగితం మీద ఇప్పుడున్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకు. ఉద్యోగం ఇప్పుడే మానకు. పాట మాత్రం ఆపకు. ఎందుకో వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

నువ్వు ‘పాట’ అంటున్నదాంట్లో చట్టం ప్రకారం వేరువేరు ఆస్తులు ఉన్నాయి. నువ్వు రాసిన మాటలు ఒకటి. కట్టిన బాణీ ఇంకొకటి. రికార్డు చేసిన శబ్దం మూడోది. పైగా గాయనిగా నీ గొంతుకు ప్రత్యేకంగా ఒక హక్కు ఉంది. మాటలూ బాణీ నువ్వు బతికున్నంత కాలం నీవి, ఆ తరవాత 60 ఏళ్ళు నీ వారసులవి. రికార్డింగు హక్కు విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్ళు ఉంటుంది, అది రికార్డు చేయించినవాళ్ళది. నీ గదిలో నీ ఖర్చుతో నువ్వు చేసుకున్నావు కాబట్టి ప్రస్తుతం ఇవన్నీ నీ చేతిలోనే ఉన్నాయి. చాలామంది పెద్ద గాయకులకు లేని స్థితి ఇది. సినిమాకు పాడినవాళ్ళ చేతిలో రికార్డింగు ఉండదు, రాసినవాళ్ళ చేతిలో బాణీ ఉండదు.

‘సర్వహక్కులూ, శాశ్వతంగా’ అన్న రెండు మాటలతో ఇవన్నీ ఒక్క దెబ్బకు వెళ్ళిపోతాయి. రేపు నీ చానల్లో నీ పాట నువ్వే పెట్టినా, యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ దాన్ని కంపెనీ సొత్తుగా గుర్తుపట్టి ప్రకటనల డబ్బు వాళ్ళకు పంపిస్తుంది. పెళ్ళిలో పాడిన వీడియో పెడితే అదీ అంతే.

అయితే నీకు అండగా చట్టంలో ఒక గట్టి మాట ఉంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దానికి 2012లో పెద్ద సవరణ వచ్చింది. కవులూ స్వరకర్తలూ ఎన్నో ఏళ్ళు పోరాడితే వచ్చిన సవరణ అది. దాని ప్రకారం, పాట రాసినవాళ్ళూ బాణీ కట్టినవాళ్ళూ రాయల్టీలో, అంటే పాట వాడుకున్నప్పుడల్లా వచ్చే డబ్బులో, సమాన వాటా పొందే హక్కును కంపెనీకి రాసివ్వడానికి వీల్లేదు. వారసులకు ఇవ్వొచ్చు, రాయల్టీలు వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకి ఇవ్వొచ్చు, అంతే. వదులుకుంటున్నానని నువ్వు సంతకం పెట్టినా ఆ షరతు చెల్లదు. నీ కాగితంలో రాయల్టీ ఊసు ఉందో లేదో నువ్వు రాయలేదు. వెతికి చూడు. ఎక్కడా లేకపోతే, పోనీ ‘ఇకపై ఎలాంటి చెల్లింపులూ ఉండవు’ అని ఉంటే, ఆ కంపెనీకి చట్టం తెలియదనైనా అనుకోవాలి, నీకు తెలియదని వాళ్ళు అనుకున్నారనైనా అనుకోవాలి. రెండూ మంచి సంకేతాలు కావు.

అదే చట్టంలో ఇంకో సంగతి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశానికే ఇచ్చినట్టు లెక్క. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని వాళ్ళు పనిగట్టుకుని రాసింది అందుకే. నువ్వు ఆ మాటలు కొట్టేయమని అడగడంలో తప్పేమీ లేదు.

కాబట్టి బేరం ఇలా పెట్టు. అమ్మను, అద్దెకు ఇస్తాను. ఇల్లు అద్దెకిస్తే గడువు తీరాక మన ఇల్లు మనకు వచ్చినట్టు, లైసెన్సు ఇస్తే పాట వెనక్కి వస్తుంది. మూడేళ్ళకు, మించితే అయిదేళ్ళకు, ఆ రెండు పాటల రికార్డింగులకు మాత్రమే ఇవ్వు. ఆరునెలలకోసారి లెక్క చూపాలి. ప్రతిచోటా రచన, బాణీ, గానం దగ్గర నీ పేరు ఉండాలి. స్టేజీ మీద పాడుకునే స్వేచ్ఛ నీకే ఉండాలి. మూడేళ్ళు ఎవరికీ పాడకూడదన్న షరతు పూర్తిగా తీసెయ్యాలి. నలభై వేలకు మూడు పాటలతో పాటు మూడేళ్ళ జీవితం కూడా అడుగుతున్నారు వాళ్ళు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ షరతే.

రెండు పాటలు అన్నాను, గమనించావా? మూడోది, మీ మామ్మ పాట, ఈ బేరంలోకి రానే రాకూడదు.

ఊడుపు పాట ఏ ఒక్కరిదీ కాదు. మీ మామ్మ వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుని ఉంటుంది. గజపతి జిల్లాలోనే కాదు, సరిహద్దుకు అటూ ఇటూ, పాతపట్నం దగ్గరా మెళియాపుట్టి దగ్గరా నడుం వంచి నాట్లు వేసిన ఆడవాళ్ళందరూ తలో మాటా వేసి పెంచిన పాటలవి. నువ్వు కలిపిన రెండు చరణాలు నీవి. నీ రికార్డింగు నీది. మిగతాది ఊరిది. దాన్ని ‘సర్వహక్కులూ’ అని నువ్వు రాసిచ్చావనుకో, కంపెనీ దాన్ని కంటెంట్ ఐడీలో ఎక్కిస్తుంది. రేపు కాశీనగరం వైపు ఏ ఊళ్ళోనో ఒక పెద్దావిడ అదే పాట పాడితే, వాళ్ళ మనవడు ఫోన్‌లో తీసి పెడితే, ఆవిడ గొంతు మీద కంపెనీ క్లెయిము పడుతుంది. అందరి సొత్తయిన పాటకు అలా క్లెయిము పెట్టకూడదని యూట్యూబ్ నియమాల్లోనే ఉంది. తమకు మాత్రమే హక్కున్నవాటినే అందులో ఎక్కించాలి. కానీ ఆ నియమం పట్టించుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు. తప్పుడు క్లెయిము పడ్డాక ఎలా ఎదురు చెప్పాలో పల్లెటూరి మనిషికి తెలియదు.

మామ్మ పాట నువ్వే విడుదల చెయ్యి. కింద ‘జానపదం, ఫలానా ఊరి ఊడుపు పాట, మామ్మ నోటి నుంచి విన్నది, చివరి రెండు చరణాలు నావి’ అని రాయి. మామ్మ ఒప్పుకుంటే ఆవిడ పేరు కూడా వెయ్యి. ఇంకో పని ఉంది, ఇది ఆలస్యం చెయ్యొద్దు. మామ్మ దగ్గర కూర్చుని ఆవిడకు వచ్చిన పాటలన్నీ రికార్డు చేసిపెట్టు. నీ గిటారు వద్దు, ఆవిడ గొంతే చాలు. మధ్యలో ఆగి ‘ఇక్కడ ఇంకో మాట ఉందే’ అని గుర్తు చేసుకునేది కూడా ఉంచు.

ఇక డబ్బు. సొంతంగా విడుదల చేస్తే ఎంత వస్తుందని అడుగుతావు. మొదట్లో చాలా తక్కువ వస్తుంది. నీకు ఆశ పెట్టి తరవాత నిరాశపరచడం నాకిష్టం లేదు. నీ మూడు లక్షల చూపులు నిమిషం షార్ట్ మీద వచ్చాయి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతో పాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ చూపులు గానీ ఉండాలి. జనం షార్ట్స్ వరసలో చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. అందుకే ఆ పాట పూర్తి రూపం, నాలుగు నిమిషాలది, వెంటనే పెట్టు. షార్ట్ కింద దాని లింకు ఇవ్వు. విన్నవాళ్ళు ‘తరవాతి చరణం ఏది?’ అని అడుగుతూ ఉంటారు. వాళ్ళకు చూపించడానికి నీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా!

స్పాటిఫై లాంటివాటికి నేరుగా పంపలేం, మధ్యలో డిస్ట్రిబ్యూటర్, అంటే మన పాటను వాటికి చేర్చే కంపెనీ, కావాలి. డిస్ట్రోకిడ్ లాంటివాళ్ళు ఏడాదికోసారి రుసుం తీసుకుంటారు, కట్టడం మానేస్తే పాటలు దిగిపోయే ప్రమాదం ఉంది. సీడీ బేబీ లాంటివాళ్ళు విడుదలకు ఒకసారి తీసుకుని, వచ్చినదాంట్లో కొంత శాతం పట్టుకుంటారు. ఏడాదికి రెండు మూడు పాటలు చేసేవాళ్ళకు రెండో పద్ధతి నయమని నా అభిప్రాయం. పాట 12 నెలల్లో 1,000 సార్లయినా మోగకపోతే స్పాటిఫై దానికి పైసా లెక్కగట్టదు. 2024 నుంచీ ఆ నియమం ఉంది. అంటే ఎక్కించి వదిలేస్తే లాభం లేదు, నీ వాళ్ళ చేత వినిపించుకోవాలి.

ఐపీఆర్ఎస్‌లో సభ్యురాలివి కావాలి. 1969లో పుట్టిన కాపీరైట్ సొసైటీ అది. పాట రాసినవాళ్ళకూ బాణీ కట్టినవాళ్ళకూ రావలసిన రాయల్టీలు వసూలు చేసి పంచుతుంది. నువ్వు రెండు విధాలా అర్హురాలివి. గాయకులకు వేరే సంఘం ఉంది, 2013లో ఇస్రా పేరుతో మొదలైంది. అది తరవాత చూసుకోవచ్చు. పాట పుట్టగానే కాపీరైట్ పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా ఆ ఒక్క పాటకు చేయించుకో. మాటలకు 500 రూపాయలు, బాణీకి 500, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. అంతవరకూ తేదీలతో ఉన్న నీ నోటుపుస్తకం, ఫోన్‌లోని మొదటి రికార్డింగు, యూట్యూబ్ తేదీ, ఇవన్నీ సాక్ష్యాలే. ఏదీ తుడిచెయ్యకు. ఎవరైనా కీబోర్డు వాయించి ఉంటే వాళ్ళకు ఎంత ఇవ్వాలో, బాణీలో వాటా ఉందో లేదో వాట్సాప్‌లో రెండు లైన్లు రాసుకోండి. పాట ఆడకముందు ఎవరూ అడగరు. ఆడాక అందరికీ గుర్తొస్తుంది.

పరికరాల గురించి ఎక్కువ చెప్పను. మైకును కంప్యూటరుకు కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, ఒక మంచి హెడ్‌ఫోన్ ఉంటే నీ పాటలకు చాలు. స్టూడియోకు పోసే డబ్బు దాచుకో. నువ్వు పంపిన లింకు విన్నాను. వెనక ఫ్యాను చప్పుడు ఉంది, గొంతు గోడలకు తగిలి తిరిగొస్తోంది. రాత్రి పదిన్నర దాటాక, బజారు కట్టేశాక రికార్డు చెయ్యి. ఫ్యాను ఆపు. వెనకా పక్కనా తాళ్ళు కట్టి బొంతలు వేలాడదియ్యి. మైకుకు జానెడు దూరంలో కొంచెం పక్కకు తిరిగి పాడు, ‘ప’, ‘బ’ అక్షరాల దగ్గర గాలి కొట్టదు. నాన్న దగ్గర మిగిలిన బట్టముక్కలు ఉంటాయి కదా, మందపాటివి ఏరుకో. శబ్దాన్ని పీల్చుకోవడానికి అవి బాగా పనికొస్తాయి.

బతుకుతెరువు మాత్రం ఇంకొన్నాళ్ళు స్టేజీ మీదే ఉంటుంది. స్ట్రీమింగ్‌లో పైసలు కూడేలోపు ఒక్క కార్యక్రమానికి వేలు వస్తాయి. నువ్వున్న చోటు ఇందుకు చాలా మంచిది, హైదరాబాద్ వాళ్ళకు తెలియని సంగతి ఇది. బరంపురంలో ఎన్ని తెలుగు కుటుంబాలో, ఎన్ని తెలుగు సంఘాలో చూడు. పట్టునేసే వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. రాయగడ, గుణుపురం, జయపురం, ఛత్రపురం అన్నిచోట్లా సంక్రాంతికో ఉగాదికో కార్యక్రమం పెడతారు. ఇటు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి. గుణుపురం–విశాఖ బండి మీ ఊరి మీదుగానే పోతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకున్న పిల్లలు ఈ ఊళ్ళన్నిటా ఉన్నారు. నీ పాట వాళ్ళ గురించే. హైదరాబాద్‌లో నువ్వు వందమందిలో ఒకదానివి. ఈ బెల్టులో నీలా రాసి పాడేవాళ్ళు నాకైతే ఇంకా కనబడలేదు.

మెలోడీ ప్రోగ్రాంలలో జనం సినిమా పాటలే అడుగుతారు. పాడు, దాన్ని చిన్నతనం అనుకోకు. పది పాటల్లో నీవి రెండు పెట్టు, మూడో పాటగా ఒకటి, చివరికి ముందు ఒకటి. ఒడియాలో కూడా ఒక పాట రాయి. నీకు ఆ భాషలో చదువు ఉంది, అటువైపు వినేవాళ్ళు ఉన్నారు. సగం డబ్బు ముందే తీసుకో. ఎన్ని గంటలు, రానుపోను ఖర్చు ఎవరిది, సౌండు ఎవరిది అన్నది మెసేజ్‌లో రాయించుకో. ఆకాశవాణి ఆడిషన్‌కు దరఖాస్తు పెట్టు. గ్రేడు వస్తే డబ్బు కొద్దిగానే అయినా, సంఘాలవాళ్ళ దగ్గర ఆ మాటకు విలువ ఉంటుంది.

యాస గురించి. నువ్వు అడిగినవాటిలో నా మనసుకు తగిలింది ఇదే. ‘ఇంట్లోన’, ‘ఈదిలోన’ రెండూ ఒకదానికొకటి యతిలో కట్టుకుని ఉన్నాయి. ‘వీధిలోన’ అని దిద్దితే ఆ కట్టు తెగుతుంది. పైగా ఆ పాట పాడే పిల్ల ‘వీధి’ అనదు. ‘నాకేటి తెలుసమ్మ’ను ‘నాకేమి తెలుసమ్మ’ చేస్తే ఆ పిల్ల మొహమే మారిపోతుంది. మీ ఊరి రాజావారి బడిలో 1880లో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని ఎంత పోరాడారో నీకు తెలుసు. అక్కడే ఉండి సవర భాష కూడా నేర్చుకుని, ఆ భాషకు పుస్తకాలు చేశారు. ఆ ఊళ్ళో పుట్టిన పిల్ల తన మాటలు దిద్దుకోనక్కర్లేదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు ఇదే ఉత్తరాంధ్ర మాటలో రాశారు, తెలుగువాళ్ళున్న ప్రతిచోటా పాడుకున్నారు. ఎవరూ అర్థం కాలేదనలేదు. అంతగా కావాలంటే వీడియో కింద మాటలు వెయ్యి, ఒడియా లిపిలోనూ తెలుగు లిపిలోనూ.

వంగపండు గారు విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం చేస్తూ పాటలు కట్టినవారే. నీ పదకొండు వేలు చిన్నవిగా కనబడొచ్చు. కానీ నెలనెలా అవి చేతికి రాబట్టే ఇవాళ నువ్వు ఆ కంపెనీకి ‘కాదు’ అనగలుగుతున్నావు. పాటల మీద వచ్చేది వరసగా ఏడాది పాటు జీతాన్ని దాటినప్పుడు బడి మానే సంగతి ఆలోచిద్దాం. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు నీకు ఎలాగూ ఉన్నాయి, కార్యక్రమాల రోజులూ అవే.

నాన్నతో గొడవపడకు. అతని భయం తప్పు కాదు. ఆడపిల్ల రాత్రి రెండు గంటలకు పరాయి ఊరి స్టేజీ దిగుతుంటే ఏ తండ్రికైనా భయమే. మొదటి ఏడాది పగటివీ సాయంత్రానివీ మాత్రమే ఒప్పుకో. ఇంట్లోవాళ్ళు ఒకరు తోడు రానిదే వెళ్ళకు. మొదటి కార్యక్రమానికి నాన్ననే తీసుకెళ్ళు. వచ్చిన ప్రతి రూపాయీ, పెట్టిన ప్రతి రూపాయీ ఒక పుస్తకంలో రాసి నెలకోసారి చూపించు. బట్ట కొలిచి లెక్క రాసుకునే మనిషి, లెక్క చూస్తే అతనికి అర్థమవుతుంది. పెళ్ళి నీ ఇష్టం, నీ సమయం. అయితే ఏ సంబంధం వచ్చినా పాట సంగతి మొదటి మాటల్లోనే చెప్పెయ్యి.

చివరగా ఆ నెలాఖరు గడువు. నీ పాట నిజంగా కావాలనుకున్నవాళ్ళు ఇంకో నెల ఆగుతారు. ఫోన్‌లో ఏమీ ఒప్పుకోకు. ‘కాగితం చూపించుకుని రాతపూర్వకంగా జవాబిస్తాను’ అని మెయిల్ పెట్టు. లాయరు ఫీజు గురించి కంగారు పడొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు, ఆదాయంతో పనిలేకుండా, ఉచిత న్యాయ సలహా దొరుకుతుంది. పర్లాకిమిడి కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎక్కడుందో అడిగి వెళ్ళు. ఒప్పందం కాగితం, ఆధార్ నకలు తీసుకెళ్ళు. పైన చెప్పిన 2012 సవరణ సంగతి, చట్టంలో 18, 19 సెక్షన్లు, ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళు. అక్కడి లాయరుకు పాటల ఒప్పందాలు కొత్త కావచ్చు, సెక్షను చెబితే తీసి చదువుతారు. వాళ్ళు దిద్దిన కాగితం కంపెనీకి పంపేముందు నాకూ ఒక నకలు పంపు, నేనూ చదువుతాను.